ఉస్తాదు గారి నూరేళ్ల కమిషను

వికారాబాద్, 1983. రెండు ఇళ్ల పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఇటు సుమిత్రమ్మ, అటు పక్కింటి షరీఫా.

"...అందుకే చెప్తున్న షరీఫా, మా ఆయనసొంటి మొగడు పగోళ్లకు గూడ వద్దు. తాగడు, కొట్టడు, పేకాట ఆడడు. ఇగ ఏమని తిట్టుకోవాలె? నలుగురు ఆడోళ్లు నల్లకాడ కూసుంటే, చెప్పుకోనీకి నాకు ఒక్క ముచ్చట లేకుంట చేసిండు."

"హాయ్ అల్లా! గదొక బాధనా అక్కా?"

"బాధ గాదా? ఉన్నది ఒక్కటే అవగుణం. తప్పు ఒప్పుకోడు. లగ్గమై పద్దెనిమిదేండ్లాయె, ఒక్కనాడు ఒప్పుకోలె. కూరల ఉప్పు రెండుసార్లు ఏసింది ఆయనే. నోట్ల పెట్టుకొని ఏమన్నడో ఎర్కనా? 'ఈ ఏడు సముద్రంల ఉప్పెక్కువున్నట్టుంది' అన్నడు."

"సముద్రంలనా! హహ్హ..."

"నవ్వకు. పోయిన ఎండకాలం మోమిన్‌పేట బస్సని చెప్పి బంట్వారం బస్సు ఎక్కిచ్చిండు. సగం దూరం పోయినంక కండక్టర్ చెప్పిండు, నేను చెప్పిన, ఎనక సీటు ముసలవ్వ గూడ చెప్పింది. ఇనడే! బంట్వారంల దిగి, నలుదిక్కుల చూసి, 'మోమిన్‌పేట మస్తు మారింది' అన్నడు."

"చాలక్కా, కడుపు నొస్తున్నది!"

"ఆయన నోట 'నాది తప్పు' అన్న మాట ఇన్ననాడు, తాండూరు నాపరాయి మీద గడ్డి మొలుస్తది. రాసి పెట్టుకో."

"సరె గని, పొద్దుగాల్నుంచి ఆ కాయితం కొంగుల పెట్టుకొని తిరుగుతున్నవ్. ఏందది?"

"అదే చెప్పొస్తున్న. జీఓ. సర్కారు ఉత్తర్వు. అంగి ఉతుకుదామని తీస్తె జేబుల దొరికింది. ఇను. 'జాతీయ చిత్రకారుడు ఉస్తాద్ తాజ్ మొహమ్మద్ గారి శతజయంతిని ఘనముగా జరుపుటకు, పదకొండుమంది సభ్యులతో ఒక కమిషన్ ఏర్పాటు చేయడమైనది.'"

"పదకొండుమందా! క్రికెట్ ఆడిస్తరా?"

"ఒక చైర్మను, ఒక కార్యదర్శి, ఒక జీపు. మిగిలినోళ్లు చాయ్ తాగనీకి."

"గీ ఉస్తాదు ఎవరక్కా?"

"తాండూరాయనే. ఆయన గీసిన బొమ్మ ఒకటి ఢిల్లీల, సర్కారు బంగ్లాల, అద్దం ఎనక పెట్టిండ్రంట. 'కందులు చెరిగే ఆమె' అని దానికి పేరు. నేను కాలేజీల ఉన్నప్పుడు మా లెక్చరరమ్మ పోయి చూసొచ్చింది. ఆమె చాట ఎగరేస్తే పొట్టు మన మొకం మీద పడ్డట్టే ఉంటదంట. మేడం కండ్లు నలుపుకుంట చెప్పింది."

"మరి గీ కమిషన్ల భాయ్‌సాబ్‌ది ఏముంది?"

"మూలమే ఆయన! ఈ ఏడు నూరేండ్లు నిండే పెద్దమనుషుల పేర్లు రాసి పంపుమని పైనుంచి తాసీల్దారు కచేరీకి కాయితమొచ్చె. ఈయన హెడ్ క్లర్కాయె. ఉస్తాదు పేరు రాసిండు, పుట్టిన సాలు పద్దెనిమిది వందల ఎనభైమూడు అని రాసిండు, పంపిండు. నాలుగు నెలలల్ల కమిషన్ తయార్. ఇప్పుడు అడుగున చిన్న అక్షరాలల్ల ఏమున్నదో చదువు."

"పుట్టుక... ఫసలీ... పదమూడు వందల మూడు. ఫసలీ అంటె నిజాం రాజ్యంల సాలు కదా? మా అబ్బా గదే లెక్క చెప్తుండె."

"ఆ, గదే. మా నాయిన పూడూరుల పట్వారి ఎనక దఫ్తర్ మూటలు మోసిండు. నాకు నడక నేర్పకముందే గీ లెక్క నేర్పిండు. ఫసలీకి అయిదు వందల తొంభై కలిపితె ఇంగ్లీషు సాలొస్తది. కలుపు."

"ఆగు... పదమూడు వందల మూడుకు అయిదు వందల తొంభై... పద్దెనిమిది వందల తొంభైమూడు."

"మా ఆయన రాసింది?"

"ఎనభైమూడు... యా అల్లా! పదేండ్లు!"

"పదేండ్లు! ఉస్తాదుకు నూరు గాదు షరీఫా, తొంభై. పదేండ్లు ముందుగాల కమిషన్ ఏసి కూసున్నరు!"

"అక్కా, దినాం భూమి కాయితాలల్ల ఫసలీ సాలు చూసే మనిషి. గీ లెక్క తప్పుతడా?"

"తప్పిండు! సర్కారు ముద్రతోని దొరికిండు! పద్దెనిమిదేండ్లకు దొరికిండు!"

"ఖుషీ పడుతున్నవా? నౌకరీ పోతదేమో అక్కా!"

"...గది గూడ ఉన్నది. వచ్చే బేస్తారం కమిషనంతా తాండూరుకొస్తది. ఒక్క దినం కోసం ఢిల్లీ నుంచి ఆ బొమ్మ గూడ తెస్తున్నరు. అందరి ముంగట ఎవడన్న ఏండ్లు లెక్కపెట్టిండంటె ఈయన సస్పెండే. ఆ లోపల ఎట్లన్న ఒడ్డెక్కియ్యాలె."

"ఎట్లెక్కిస్తవ్?"

"ముందుగాల ఇంట్ల తప్పు ఒప్పుకోనీ. తర్వాత సర్కారు సంగతి ఆలోచిస్త. నాకు గూడ జర వరుస ఉంటది గదా."



వికారాబాద్ నుంచి తాండూరు పోయే ప్యాసింజరు రైలు. సుమిత్రమ్మ, ఆమె భర్త భీమప్ప.

"ఏమండి, అయిదు వందల తొంభైనా, ఎనభైనా?"

"ఏంది?"

"ఫసలీకి కలిపేది."

"పల్లీలు తీసుకో. వేడిగున్నయ్."

"నేనడిగింది పల్లీల సంగతి కాదు."

"ధారూర్ దాటిందా?"

"దాటింది. పల్లీలు తిన్న. కిటికీల చెట్లు గూడ చూసిన. ఇప్పుడు చెప్పున్రి. పదేండ్లు తప్పు రాసిండ్రా లేదా?"

"సుమిత్రా, సర్కారు ముద్ర పడ్డంక అది తప్పనిపించుకోదు. ఉత్తర్వు అనిపించుకుంటది."

"అంటె ఉస్తాదు పదేండ్లు ముందుగాల పుట్టిండా?"

"పుట్టాల్సొస్తది."

"వాళ్లమ్మకు చెప్పిండ్రా?"

"..."

"గీ మౌనంతోనే పద్దెనిమిదేండ్లు నడిపిచ్చిండ్రు సంసారం. సరె. ఉస్తాదు ఖాన్‌దాన్‌ల ఎవరున్నరో, బేస్తారం దినం ఎవరి మెడల దండెయ్యాల్నో చూసి రమ్మని మీకు చెప్పిండ్రు. నన్నెందుకు తోల్కపోతున్నరు?"

"ఆడమనిషి ఎంబడుంటె ఇంట్లకు రానిస్తరు."

"ఇన్నేండ్లల్ల కచేరీ పనికి ఒక్కనాడు పిలువలె."

"నువ్వు చదువుకున్నదానివి."

"లగ్గంనాడు గూడ చదువుకునే ఉన్న. అవ్ గని, ఉస్తాదు ఎన్నడు కాలం చేసిండో రాసిండ్రా మీ కాయితంల?"

"ఆ ఖానా ఖాళీగ పెట్టిన."

"ఖాళీగనా?"

"తెల్వంది రాయొద్దు. కచేరీ నియమం."

"తెల్వంది రాయొద్దు, తెలిసింది తప్పు రాయాలె. మంచి నియమం. లేవున్రి, తాండూరొచ్చింది."



తాండూరు. బండల మిషిన్ల చప్పుడు వినిపించే ఒక గల్లీ. అరుగున్న చిన్న ఇల్లు.

"ఇదే ఇల్లు."

"ఎవ్వరిని అడగకుంట మూడు గల్లీలు మలిపిండ్రు. ఇదే అని ఎట్ల తెలుసు?"

"నెంబరు చూసిన."

"నెంబరేదండి? తలుపు మీద వట్టి సున్నమున్నది."

"సలామలైకుం! ఇంట్ల ఎవరున్నరు?"

"వాలేకుం సలాం! నేనే ఉన్న, రాండ్రి రాండ్రి. తల జర వంచున్రి, దర్వాజ పొట్టిది. నాకు గూడ ఎనభై దాటినంకనే సరిపోయింది."

"తాతా, మేం వికారాబాద్ నుంచి వచ్చినం. గీయన మా ఆయన, భీమప్ప, కచేరీల హెడ్ క్లర్కు. ఉస్తాద్ తాజ్ మొహమ్మద్ గారి ఖాన్‌దాన్‌ల ఎవరన్న ఉన్నరేమో అని..."

"ఖాన్‌దాన్ ఎక్కడిది బేటీ? పిల్లలు లేరు. బీబీ పోయి ముప్పై ఏండ్లాయె. నేనొక్కన్నే."

"మీరు ఆయనకేమైతరు?"

"ఎవరికి?"

"తాజ్ మొహమ్మద్ గారికి."

"నేను తాజ్ మొహమ్మద్‌కు ఏమైతనా? మంచి సవాలడిగినవ్. తొంభై ఏండ్ల సంది నేను గూడ గదే సోంచాయిస్తున్న. కూసో బేటీ, నిలబడ్డవేంది?"

"ఏమండి."

"ఊ."

"ఏమండి! ఉస్తాదు బతికే ఉన్నడు!"

"గట్లనే కనబడ్తున్నది."

"గట్లనే కనబడ్తున్నదా! శతజయంతి జరగాల్సిన మనిషి మన ముంగట చాయ్ పోస్తున్నడు, మీకు గట్లనే కనబడ్తున్నదా!"

"లొల్లి ఎందుకు, చాయ్ తాగున్రి. నీకు చక్కెర ఏసిన బేటీ. సాబ్‌కు ఎయ్యలె."

"ఆయన చక్కెర ఏసుకోడని మీకెట్ల ఎరుక?"

"మొకం చూస్తె తెల్వదా? బొమ్మలు గీసెటోన్ని."

"అదైతె నిజమే. ఆ మొకంల తీపి ఎన్నడు కనబడలె. తాతా, మీకొక మాట చెప్పాలె, కోపం చేయొద్దు. సర్కారు మీకు శతజయంతి చేస్తున్నది."

"అంటె?"

"పుట్టి నూరేండ్లు నిండినయని."

"ఎవరు పుట్టి?"

"మీరు."

"నాకు తొంభై."

"సర్కారుకు నూరు."

"పదేండ్లు మీదికెల్లి ఇచ్చిండ్రా? అరే వాహ్! రేషన్ దుకాణంల పావుకిలో చక్కెర మీదికెల్లి ఇయ్యని సర్కారు!"

"ఇంకొకటున్నది. శతజయంతంటె తాతా... మామూలుగ... ఆ మనిషి..."

"ఆ మనిషి?"

"ఉండడు."

"ఓ... గట్లనా. మరి నేను ఆ దినం ఇంట్లనే ఉండాల్నా, వచ్చి చూడొచ్చునా?"

"ఏమండి, మీరన్న చెప్పున్రి! గోడకు ఆనుకొని నవ్వుతున్నరేంది? ఇగో, నేను చెప్తున్న. రేపు పొద్దుగాల బండికే హైదరాబాద్ పోయి కార్యదర్శికి అంతా చెప్పేయున్రి. ముందుగాల మీరే చెప్తే సస్పెండ్ గాదు, తిట్లతోని పోతది. కమిషన్ రద్దు చేసుకుంటరు, పీడ పోతది."

"రద్దయితె బొమ్మ?"

"ఏ బొమ్మ తాతా?"

"ఢిల్లీ నుంచి రావాల్సిన బొమ్మ. వజీరా."

"కమిషన్ లేకుంటె బొమ్మ ఎట్లొస్తది? దాని జీఓ మీదనే బయటికి తీస్తున్నరు... వజీరా అంటె?"

"నా బీబీ. వజీరాబీ. కందులు చెరిగేది ఎవరనుకున్నవ్? నువ్వు కూసున్నవే, గదే బండ మీద కూసుండె. నీలం బండ నూరి గోడ రంగు చేసిన. పసుపు బండ నూరి, తుమ్మబంకల కలిపి ఆమె రంగు చేసిన. మూడు నెలలు గీసిన. మూడు నెలలు అవే కందులు చెరిగింది పాపం. చెరిగి చెరిగి కందులు ఒడిసినయ్, నా బొమ్మ ఒడువలె."

"మరి ఢిల్లీకెట్ల పోయింది?"

"ఒక దొర వచ్చి చూసిండు. 'వారంల తెచ్చిస్త' అని రైలుల ఏసుకపోయిండు. నలభై ఏడేండ్లాయె. ఆ వారం ఇంక ఒడువలె."

"ఫోటో ఏదన్న..."

"ఆమె ఫోటో దిగలె. ఉన్న తస్వీరు గదొక్కటే. బేటీ, నిజం చెప్పాల్నంటె... చేతులు యాదికున్నయ్. చాట పట్టే తీరు యాదికున్నది. దగ్గు గూడ యాదికున్నది. మొకం పోయింది. ఎంత గీసినా రాదు. ఎవరెవరి మొకాలో వస్తయ్. అందుకే చెప్తున్న. బొమ్మ వస్తదంటె నేను చచ్చినోన్నే. నూరేండ్లంటె నూరు, నూటపదంటె నూటపది. ఎన్నంటె అన్ని."

"...ఏమండి."

"ఊ."

"హైదరాబాద్ పోయేది లేదు."

"నువ్వే అంటివి గదా పొమ్మని?"

"అంటి. ఇప్పుడు నేనే వద్దంటున్న. బేస్తారం దాంక మీ లెక్కనే లెక్క. ఉస్తాదు పద్దెనిమిది వందల ఎనభైమూడులనే పుట్టిండు, ఎవడడిగినా నేను సాక్ష్యం చెప్త. మీకు దండం పెడ్త, పెండ్లయిన కాడికెల్లి మొదటిసారి అడుగుతున్న. బొమ్మ వచ్చి పోయే దాంక తప్పు ఒప్పుకోకున్రి."

"అలవాటే గదా."

"నాకు తెలుసు. జర గట్టిగ అలవాటు చేసుకోన్రి."



అనుకున్న బేస్తారం, అంటే గురువారం. తాండూరులో షామియానా. కమిషన్ కార్యదర్శి, భీమప్ప, సుమిత్రమ్మ. అద్దం బిగించిన చిత్రం ముందు కుర్చీలో ఉస్తాదు.

"భీమప్ప గారూ, చిత్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ ముసలాయన ఎవరండీ? గంట నుంచి కదలడం లేదు. చైర్మన్ గారు దండ వేయాలి, ఫోటోలు తీయాలి."

"సార్, ఆయన..."

"చుట్టం సార్. ఉస్తాదుకు దగ్గరి చుట్టం."

"మీరెవరమ్మా?"

"భీమప్ప గారి భార్యను సార్. సుమిత్ర."

"ఎంత దగ్గరి చుట్టం?"

"ఇంకొక్క అడుగు దగ్గరికి జరిగితె ఆయనే అవుతడు సార్."

"అంటే? నాకు అర్థం కాలేదు."

"అర్థం కాకుంటెనే మంచిది సార్. దండ ఎయ్యున్రి, టైమైతున్నది..."

"ఎడమ దిక్కు! భీమా, జల్ది రా! ముక్కుపుల్ల ఎడమ దిక్కున్నది! ముప్పై ఏండ్ల సంది నేను కుడిదిక్కు గీస్తున్న! అందుకే వస్తలేదు మొకం! చూడు, చూడు, నవ్వాపుకుంటున్నది. కందులు ఒడిసిపోయినయని నవ్వాపుకుంటున్నది!"

"ఆయన ఎవరి గురించి మాట్లాడుతున్నారు?"

"నా బీబీ సాబ్. వజీరా. గా అద్దం ఎనకున్నది."

"ఈ చిత్రంలో ఉన్నావిడ మీ భార్యా? అయితే... మీరు..."

"తాజ్ మొహమ్మద్. సలాం సాబ్. నాకు నూరేండ్లు చేసింది మీరేనంట గదా? శుక్రియా. మస్తు ఖర్చు పెట్టిండ్రు."

"భీమప్ప గారూ!"

"సార్."

"ఈయన బతికే ఉన్నారు!"

"ఉన్నడు సార్."

"చనిపోయారని రాశారు కదా!"

"రాయలె సార్. ఆ ఖానా ఖాళీగ పెట్టిన."

"ఖాళీగా ఉంటే పోయారనే కదండీ అనుకుంటాం! సరే. సరే. కంగారొద్దు. బతికున్న మనిషికి శతజయంతి, ఇంకా బాగుంది. పేపర్లో మొదటి పేజీలో పడుతుంది. ఉస్తాద్ గారూ, నూరేళ్లు నిండాయి కదా మీకు?"

"జర వజీరా దిక్కు చూడనీ సాబ్."

"చెప్పండి, నిండాయి కదా?"

"చెప్పున్రి తాతా, నిండినయని. మొన్న అనుకున్నం గదా!"

"అనుకున్నం బేటీ. అబద్ధమాడుదమనే వచ్చిన. కానీ వజీరా చూస్తున్నది. తొంభై సాబ్. ఒక్కటి గూడ ఎక్కువ లేదు."

"తొంభై! పదకొండుమంది సభ్యులు, ఢిల్లీ నుంచి పోలీసు పహరాతో పెట్టె, ఇద్దరు మంత్రుల సందేశాలు... తొంభై! పుట్టిన సంవత్సరం ఎవరు లెక్కకట్టింది?"

"సార్, పాత కాయితం గదా, చెదలు తిన్నదేమో..."

"నువ్వాగు సుమిత్రా. నేనే సార్. ఫసలీకి కలిపేటప్పుడు పది తక్కువ కలిపిన. నాది తప్పు."

"ఏమండి, ఏమన్నరు?"

"నాది తప్పన్న."

"సార్, ఆ మైకు జర ఇటు తిప్పిస్తరా?"

"అమ్మా! ఇక్కడ నా ఉద్యోగం మీదికొచ్చింది, మీకు నవ్వులాటగా ఉందా?"

"క్షమించున్రి సార్, పద్దెనిమిదేండ్ల కరువు. ఒక్క మాట చెప్పాల్నా? మీ జీఓల 'శతజయంతిని ఘనముగా జరుపుటకు' అని ఉన్నది. ఎన్నడు జరపాల్నో ఉన్నదా?"

"...ఇలా ఇవ్వండి ఆ కాగితం. ఘనముగా జరుపుటకు... కమిషన్ ఏర్పాటు చేయడమైనది... లేదు. తేదీ లేదు."

"నూరు ఎప్పుడు నిండుతయ్? తొంభైమూడుల. అంటె మీ కమిషన్ తప్పు గాదు సార్. జర ముందుగాల వచ్చింది, అంతే. లగ్గానికి ముందుగాల వచ్చిన చుట్టాన్ని ఎవరన్న ఎల్లగొడ్తరా? పని చెప్తరు. తయారీకి పదేండ్లున్నయ్."

"పదేళ్లు... కమిషన్ పదేళ్లు ఉంటుందంటారా?"

"ఉండాలె గదా సార్. ఆఫీసు, సిబ్బంది..."

"జీపు?"

"జీపు లేకుంటె పదేండ్లు ఎట్ల నడుస్తయ్ సార్?"

"అమ్మా, మీరెక్కడ చదువుకున్నారు?"

"బీఏ హైదరాబాద్ల. మిగిలింది పూడూరు పట్వారి దఫ్తర్ల."

"అయితే ఇది లోపం కాదన్నమాట. దూరదృష్టి. దీనికి... 'శతజయంతి సన్నాహక దశాబ్ది' అని పేరు పెడదాం. ఇవాళ ప్రారంభోత్సవం. బ్యానరు మీద ఆ రెండు మాటలు అతికించమనండి. భీమప్ప గారూ, ఇక మీ మీద చర్య..."

"సార్."

"చర్య తీసుకోవాలంటే ఫైల్లో తప్పు జరిగిందని రాయాలి. తప్పే జరగనప్పుడు చర్య ఎక్కడిదండీ? వెళ్లి చైర్మన్ గారికి కూల్ డ్రింక్ ఇప్పించండి."

"సాబ్, నా దిక్కుకెల్లి ఒక షరతున్నది."

"చెప్పండి ఉస్తాద్ గారూ."

"ఏటా ఒక్కసారి వజీరా తాండూరుకు రావాలె. నూరు నిండే దాంక."

"ప్రతి ఏడూనా? నూరు నిండే దాకా మీరు... అంటే, దేవుడి దయవల్ల..."

"నేను లేకుంటె మీ కమిషన్ ఎవరికోసం సాబ్? జీపు ఎవరికోసం? నన్ను మంచిగ చూసుకోన్రి."



తాండూరు నుంచి వికారాబాద్ వచ్చే రైలు. సుమిత్రమ్మ, భీమప్ప.

"ఇంకొకసారి."

"చాల్ సుమిత్రా."

"ఒక్కసారి. రుక్మాపూర్ వచ్చేలోపల."

"నాది తప్పు."

"ఆహా! తాండూరు బండ మీద గడ్డి మొలిచింది. షరీఫాను లేపి మరీ చెప్త. అవ్ గని, నేను ఒప్పుకోవద్దని దండం పెట్టి చెప్తే, అందరి ముంగట ఒప్పుకుంటిరేంది? పద్దెనిమిదేండ్లు అడిగితె ఒప్పుకోలె, వద్దన్ననాడు ఒప్పుకున్నరు!"

"బొమ్మ చూసుడు అయిపోయె గదా. ఇగ ఆయన మీదికి ఎందుకు రావాలె? నీ ఒళ్లె ఆ మూట ఏంది?"

"ఉస్తాదు ఇచ్చిండు. 'ఇంటికి పోయినంక ఇప్పు బేటీ' అన్నడు."

"అయితే ఇంటికి పోయినంకనే ఇప్పు."

"మీరు గట్లన్నంక ఆగబుద్ధి అయితదా?"

"పల్లీలు తింటవా? వేడిగున్నయ్..."

"మీరే తినున్రి. ...బొమ్మ! పెన్సిల్ బొమ్మ. ఎవరో అరుగు మీద కూసొని చాయ్ తాగుతున్నడు. సన్నటి మనిషి, నల్లటి మీసాలు. గీ చెవులు ఎక్కడో చూసిన. ఏమండి, కిటికీ దిక్కు గాదు, నా దిక్కు తిరుగున్రి. ...మీరు!"

"పోలికలుంటయ్ లోకంల."

"చక్కెర లేని చాయ్ తాగిన మొకం, పోలికనా? కింద సాలు రాసిండు. ఫసలీ పదమూడు వందల డెబ్బై ఎనిమిది. అయిదు వందల తొంభై కలిపితె... అరవై ఎనిమిది. మీరు తాండూరు కచేరీల గుమాస్తగ ఉన్న ఏడు. నేను పెద్దోని కాన్పుకు పూడూరు పోయుంటి."

"ఎనక తిప్పకు."

"తిప్పిన. గిది మీ చేతిరాత. 'ఉస్తాద్ తాజ్ మొహమ్మద్. పుట్టుక ఫసలీ 1303, అనగా 1893. ఈ ఏటికి డెబ్బై అయిదు.' ...ఏమండి. అప్పుడు సరిగ్గనే కలిపిండ్రు. అడగకుంట దొరికిన ఇల్లు. అడగకుంట ఆపిన చక్కెర. నేను చెప్పకముందే తాతకు ఎర్కైన బొమ్మ ముచ్చట. 'భీమా, జల్ది రా.' అన్ని ఇన్న, అన్ని చూసిన, ఒక్కటి పట్టుకోలె. చెప్పున్రి."

"ఏం చెప్పాలె? వాళ్లింటి అరుగు మీద దినాం చాయ్ తాగుతుంటి. ఆయన చెప్తుండె, నేను రాస్తుంటి. పదిహేనేండ్లల్ల ఆరు అర్జీలు. 'అయ్యా, నా పెండ్లాం బొమ్మ ఒక్కసారి చూపియ్యున్రి' అని. ఒక్కదానికి జవాబు రాలె. బతికున్నోడు అడిగితె ఎవ్వడు పలుకలె సుమిత్రా. నూరేండ్లని రాస్తె నాలుగు నెలలల్ల కమిషనొచ్చింది."

"అంటె పదేండ్లు..."

"నిజంగ నూరు నిండే దాంక ఆగుమంటె ఎవరాగాలె?"

"దొరికిపోతమని భయం కాలె?"

"దొరికితె ఏమనాల్నో తయారుగ పెట్టుకున్న. లెక్క తప్పిందనాలె. గట్లంటె క్లర్కు మెదడు తక్కువోడని తిట్టి ఇడ్సిపెడ్తరు. కావాల్నని రాసిన అంటె జైలు. అద్దం ముంగట నాలుగుసార్లు అని చూసుకున్న, 'నాది తప్పు' అని. నోరు తిరుగలె."

"నాకెందుకు చెప్పలె?"

"నీకు చెప్తే నువ్వు నా దిక్కు మాట్లాడుతవు. ఎవరన్న నమ్ముతరా? అందరు నాది తప్పని నమ్మాలంటె ముందుగాల నువ్వు నమ్మాలె. నిన్ను తోల్కపోయింది గూడ ఆడమనిషుంటె ఇంట్లకు రానిస్తరని గాదు లే. 'నా బీబీని చూపిస్త, నీ బీబీని చూపియ్యవా భీమా' అని పదిహేనేండ్ల సంది అడుగుతుండె. అరె, ఏడుస్తున్నవా?"

"పల్లీ పొట్టు కంట్ల పడ్డది. సరె, మరి కూరల ఉప్పు?"

"ఆ ఏడు సముద్రంల నిజంగనే ఎక్కువుండె."

"బంట్వారం?"

"మోమిన్‌పేట మస్తు మారింది."

"...ఏమండి."

"ఊ."

"..."

"ఏందో గొణుగుతున్నవ్. ఇంజన్ సప్పుడుకు ఇనబడ్తలేదు."

"గదే... పద్దెనిమిదేండ్లల్ల ఒక్కసారన్న... గోడ కాడ షరీఫాకు చెప్పి... నేనేమో మిమ్మల్ని..."

"గట్టిగ చెప్పు."

"తప్పు నాది అంటున్న! గీ రైలు డబ్బాల అందరు ఇనున్రి, నాది తప్పు!"